ఆకులు తిని ఏనుగంత ఎలా అవుతుంది?

పశుపోషణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది నెల్లూరు. పదేళ్లుగా బెంగళూరులో మారతహళ్లిలో ఉంటున్నాం. సెలవుల్లో మా తొమ్మిదేళ్ల అబ్బాయిని బన్నేరుఘట్టకు తీసుకెళ్లాం. ఏనుగుల దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు, "గుడ్డు తిను, పప్పు తిను, పాలు తాగు, లేకపోతే పెరగవు అంటావు కదమ్మా, మరి ఏనుగు ఆకులూ గడ్డీ తప్ప ఏమీ తినదు, అదెలా అంత పెరిగింది?" అని అడిగాడు. అది చాలా ఎక్కువ తింటుంది నాన్నా అన్నాను. అయితే నేనూ పాలకూర ఎక్కువగా తింటే సరిపోతుందా అన్నాడు. వాడికి నా జవాబు నచ్చలేదు, ఆలోచిస్తే నాకూ నచ్చలేదు. ఆకులో అంత బలం ఎక్కడుందో వివరంగా చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ఎక్కువ తింటుందని మీరు చెప్పినది నిజమే, అయితే అది సగం జవాబు. మీ అబ్బాయి మిగతా సగం అడుగుతున్నాడు. అడగవలసిన ప్రశ్నే అడిగాడు కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

పొద్దున మీ ఇంట్లో వండిన అన్నంతోనే మొదలుపెడదాం. ఆ బియ్యం వచ్చిన వరి మొక్కలో గింజ మనిషికి, గడ్డి పశువుకు పోతాయి. గింజలో ఉన్న పిండిపదార్థం గ్లూకోజ్ అనే చక్కెర అణువులు గొలుసుకట్టుగా చేరడం వల్ల ఏర్పడుతుంది. గడ్డిపోచను నిటారుగా నిలబెట్టే సెల్యులోజ్ కూడా అదే గ్లూకోజ్ అణువుల గొలుసు. తూకానికి తూకం చూస్తే రెండింటిలోనూ గ్రాముకు దాదాపు 4 కిలోకేలరీల శక్తి ఉంటుంది. తేడా అంతా ఒక అణువును పక్క అణువుకు తగిలించిన కొక్కెం ఏ వైపు తిరిగి ఉందన్న దానిలోనే ఉంది. పిండిపదార్థపు కొక్కేన్ని విప్పే ఎంజైమ్ మన లాలాజలంలోనే ఉంది కాబట్టి అన్నం ముద్దను కాసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుంది. సెల్యులోజ్ కొక్కేన్ని విప్పే ఎంజైమ్ మన శరీరం తయారు చేయదు. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: ఆవు శరీరమూ దాన్ని తయారు చేయదు, ఏనుగు శరీరమూ చేయదు. పాలిచ్చే జంతువుల్లో దేనికీ ఆ తాళంచెవి సొంతంగా లేదు. అది సూక్ష్మజీవుల దగ్గర ఉంది. అందువల్ల ఆకు తిని బతికే ప్రతి పెద్ద జంతువూ తన పొట్టలో ఎక్కడో ఒకచోట ఆ సూక్ష్మజీవులకు చోటిచ్చి, వెచ్చదనమిచ్చి, మేత పెట్టి పోషించుకుంటుంది.

ముందు ఆవు సంగతి చెప్పి తర్వాత ఏనుగు దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆవు పొట్టలో నేను స్వయంగా చేయి పెట్టి చూశాను. పశువైద్యం చదువుకునే రోజుల్లో మా కళాశాల కొట్టంలో ఒక ఆవు ఉండేది. దాని ఎడమ డొక్కలో శస్త్రచికిత్స చేసి, రూమెన్ అనే పెద్ద పొట్టలోకి దారి ఉండేలా రబ్బరు బిరడా అమర్చారు. గాయం మానిపోయి చాలా కాలమైంది, ఆవు తన పాటికి తాను మేస్తూ, నెమరు వేస్తూ ఉండేది. మొదటిసారి బిరడా తీసి భుజం దాకా చేయి లోపలికి పెట్టినప్పుడు ముందు తెలిసింది వేడి, సుమారు 39 డిగ్రీలు. పైభాగంలో చేతికి గాలి మాత్రమే తగిలింది, దాని కింద తడిసిన గడ్డి చాపలాగా దట్టంగా అల్లుకుని ఉంది, ఇంకా కిందికి పోతే పలచని పచ్చటి ద్రవం. పులిసిన గంజి వాసనా, పచ్చిగడ్డి వాసనా కలిసి వచ్చాయి. అంతలో పొట్ట గోడ మెల్లగా ముడుచుకుని నా చేతితో సహా అంతటినీ ఒక పక్కకు నెట్టింది. నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా కలియబెట్టకపోతే ఆ మేత సరిగా పులియదని అప్పుడు అర్థమైంది. మా మాస్టారు ఒక గుప్పెడు తీసి గుడ్డలో వడకట్టి, వెచ్చబెట్టిన గాజు పలక మీద ఒక చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ఒళ్లంతా నూగు ఉన్న ఏకకణ జీవులు ఒకదానినొకటి తోసుకుంటూ పరుగులు తీస్తున్నాయి. వాటికంటే ఎంతో చిన్నవైన బ్యాక్టీరియా ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్లకు పైగా ఉంటాయని ఆయన చెప్పారు. పెద్ద ఆవు రూమెన్‌లో 100 నుంచి 200 లీటర్ల దాకా పడుతుంది. ఎంత పెద్ద ఊరు ఆ డొక్కలో కాపురం ఉందో లెక్క వేసుకోండి.

ఈ సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను విప్పి గ్లూకోజ్ చేసుకుంటాయి, కానీ దాన్ని ఆవుకు అందనివ్వకుండా అక్కడికక్కడే తామే వాడేసుకుంటాయి. రూమెన్‌లో ప్రాణవాయువు ఉండదు కాబట్టి అవి ఆ చక్కెరను పూర్తిగా కాల్చలేవు. పులియబెట్టి, మిగిలిన ఆమ్లాలను బయటకు వదులుతాయి. ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే మూడు చిన్న కొవ్వు ఆమ్లాలు వాటిలో ముఖ్యమైనవి. ఎసిటిక్ ఆమ్లం అంటే వినెగర్‌లో ఉండేదే. సూక్ష్మజీవులకు అవి పారవేసే సరుకు, ఆవుకు మాత్రం అన్నం. రూమెన్ గోడల గుండా అవి నేరుగా రక్తంలోకి చేరతాయి, ఆవుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఈ దారినే వస్తుంది. ఆవు మెదడుకూ, పాలలోని చక్కెరకూ గ్లూకోజ్ తప్పనిసరి కాబట్టి, దాన్ని కాలేయం ప్రధానంగా ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి కొత్తగా కట్టుకుంటుంది. మనం గ్లూకోజ్ తిని శక్తి పొందుతాం, ఆవు ఆమ్లాలు తాగి గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. పశుపోషణలో ఇంతకంటే గొప్ప విషయం నాకు ఇంకొకటి కనబడలేదు.

పులియడానికి సమయం కావాలి, గడ్డి నలగాలి, ఆమ్లం మరీ ఎక్కువ కాకూడదు. ఈ మూడు పనులూ నెమరు వల్ల సాగుతాయి. ఆవు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది, 100 లీటర్లకు మించి లాలాజలం మింగుతుంది, అందులోని సోడా ఉప్పు రూమెన్‌లోని పులుపును అదుపులో ఉంచుతుంది. బసవనగుడిలోని ఏకశిలా నందిని ఈసారి చూసినప్పుడు ఆ కూర్చున్న తీరు గమనించండి. కాళ్లు మడిచి, ఛాతీ ఆనించి, తల ఎత్తి కూర్చోవడం నెమరు వేసే పశువు కూర్చునే పద్ధతి. ఆ శిల్పి పశువుల మధ్య పెరిగినవాడే అయి ఉంటాడని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇక మీ అబ్బాయి గుడ్డు, పప్పు అన్నాడు కదా, అంటే వాడు అడిగింది మాంసకృత్తుల గురించి కూడా. ఎదగడానికి శక్తి ఒక్కటే చాలదు, కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. ఎండు వరిగడ్డిలో అవి నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఏ కొద్దిపాటి నత్రజని దొరికినా దానితో తమ శరీరాలు కట్టుకుంటూ గంట గంటకూ పెరుగుతాయి. ఆవు తన మూత్రంలో పోవలసిన యూరియాలో కొంత భాగాన్ని కూడా లాలాజలం ద్వారానూ, రక్తం ద్వారానూ మళ్లీ రూమెన్‌కే పంపి వాటికి అందిస్తుంది. అలా పెరిగిన సూక్ష్మజీవులు మేతతో పాటు కిందికి జారి, ఆవు పొట్టకున్న నాలుగు గదుల్లో చివరి గదికి చేరేసరికి అక్కడి ఆమ్లంలో చచ్చి జీర్ణమైపోతాయి. అంటే ఆవు తన పొట్టలో ఒక మందను మేపుతుంది. ఆ మంద వదిలిన ఆమ్లాలతో శక్తినీ, చివరికి ఆ మందనే అరిగించుకుని మాంసకృత్తులనూ పొందుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన, 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన విర్టానెన్ అనే శాస్త్రవేత్త దీన్ని 1960ల్లో పరీక్షించి చూపించాడు. మాంసకృత్తులు లేని మేతలో నత్రజని కోసం యూరియా, అమ్మోనియం లవణాలు కలిపి పెట్టి ఆవుల చేత పాలు ఇప్పించాడు.

ఏనుగు పద్ధతి వేరు. దానికి నాలుగు గదుల పొట్ట లేదు, నెమరు వేయదు. మేత ముందుగా మనలాగే ఒకే పొట్టలోకి, చిన్న పేగులోకి వెళుతుంది. లేత ఆకు కణాల లోపల ఉండే మాంసకృత్తులూ, చక్కెరలూ అక్కడే వంటబడతాయి. మిగిలిన పీచు పెద్దపేగుకూ, దాని మొదట్లో సంచిలా ఉండే అంధనాళానికీ చేరిన తర్వాత సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. గుర్రమూ, ఖడ్గమృగమూ ఇదే దారి. ఈ దారిలో ఒక నష్టం ఉంది: పులిసే చోటు చివర్లో ఉండడం వల్ల అక్కడ పెరిగిన సూక్ష్మజీవుల మాంసకృత్తులు చాలావరకు పేడతో బయటకు పోతాయి. పైగా మేత లోపల నిలవ ఉండేది కూడా ఆవు పొట్టలో ఉన్నంతసేపు ఉండదు. అందువల్ల ఏనుగు తిన్నదానిలో 40 శాతం అటూఇటూగానే వంటబడుతుంది. దాని పేడను చేత్తో విడదీస్తే కొమ్మ బెరడు, గడ్డి కాడలు, గింజలు అలాగే కనబడతాయి. అయితే ఇందులోనే ఒక లాభమూ ఉంది. ఆవు రూమెన్‌లో మేత తగినంత నలిగితే గాని కిందికి దిగదు, ముతక మేత పెడితే పొట్ట నిండిపోయి ఆవు మేయడం ఆపేస్తుంది. ఏనుగుకు ఆ అడ్డు లేదు. వంటబట్టినంత తీసుకుని మిగతాది వదిలేసి మళ్లీ మేస్తుంది, రోజుకు 16 నుంచి 18 గంటలు అదే పని.

ఇప్పుడు మీ అబ్బాయిని పలక తీసుకుని కూర్చోమనండి. ఒక పెద్ద ఏనుగు బరువు 4,000 కిలోలు అనుకుందాం. అది రోజుకు 150 కిలోల పచ్చిమేత తింటే, నీరు తీసేయగా ఎండుపదార్థం 45 కిలోలు అవుతుందనుకుందాం. ఎండు మేతలో కిలోకు సుమారు 4,400 కిలోకేలరీల శక్తి ఉంటుంది కాబట్టి మొత్తం 1,98,000. అందులో 40 శాతం వంటబడితే 79,000 కిలోకేలరీలకు పైనే. ఇక మాంసకృత్తులు ఆ ఎండుమేతలో నూటికి 8 పాళ్లు ఉన్నాయనుకుంటే 3.6 కిలోలు, అందులో సగమే వంటబట్టిందనుకున్నా 1.8 కిలోలు. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. అంటే గుడ్డు ముట్టకుండానే ఆ ఏనుగు రోజుకు 300 గుడ్లకు సరిపోయే మాంసకృత్తులు ఆకుల నుంచి రాబట్టుకుంటోంది. ఇవి లెక్క కోసం వేసుకున్న ఉజ్జాయింపు అంకెలే అయినా, ఆకులో బలం ఎక్కడుందన్న మీ ప్రశ్నకు ఇవి జవాబు చెబుతాయి.

రాబడి చూశాం, ఖర్చు కూడా చూడాలి. ఈ సంగతి అర్థమైతే ఏనుగు ఎందుకు అంత పెద్దదన్నది మరో వైపు నుంచి కనబడుతుంది. మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లో జంతువుల శరీర బరువుకూ, అవి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చు చేసే శక్తికీ మధ్య ఉన్న లెక్కను ప్రకటించాడు. బరువు పెరిగినంతగా ఖర్చు పెరగదు. ఆ సూత్రం ప్రకారం పావుకిలో ఎలుకకు రోజుకు 25, అరవై కిలోల మనిషికి 1,500, నాలుగు వేల కిలోల ఏనుగుకు 35,000 కిలోకేలరీలు పడతాయి. ఒక్కొక్క కిలో ఒంటికి చూస్తే ఎలుకకు 100, మనిషికి 25, ఏనుగుకు 9 లోపే. ఇంకోలా చెప్పాలంటే, 16,000 ఎలుకలను పోగుచేస్తే ఒక ఏనుగు బరువు తూగుతాయి, కానీ ఆ ఎలుకలను ఊరికే బతికించడానికి రోజుకు 4,00,000 కిలోకేలరీలు కావాలి, ఏనుగుకు అందులో పదకొండో వంతు చాలు. పెళ్లి గుండిగలో వండిన అన్నం సాయంత్రం దాకా వెచ్చగా ఉంటుంది, గిన్నెలో వడ్డించుకున్నది పది నిమిషాల్లో చల్లారిపోతుంది కదా, పెద్ద ఒంటికి కిలోకు తగిలే గాలి తక్కువ కాబట్టి వేడి నిలుస్తుంది. ఖర్చు తగ్గడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

పొట్ట పరిమాణం మాత్రం బరువుతో సమానంగా పెరుగుతుంది. పెద్ద జంతువుకు కిలోకు కావలసిన శక్తి తక్కువ, అరిగించే సంచి మాత్రం అంతే పెద్దది, కాబట్టి నాసిరకం మేతతోనూ గడుస్తుంది. ఎలుక గింజల కోసం, పురుగుల కోసం వెతుక్కోవాలి, ఎండిన కాడ తిని బతకలేదు. చిన్న జింక లేత చిగుళ్లు ఏరుకుని తింటుంది. అడవిదున్న ముదురు గడ్డితో సరిపెట్టుకుంటుంది. ఏనుగు చెట్టు బెరడు కూడా తింటుంది. ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఈ క్రమాన్ని బెల్, జార్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1970ల తొలి సంవత్సరాల్లో వివరించారు. ఆకులు తిని కూడా అంత పెద్దగా ఎలా అయిందని మనం అడుగుతున్నాం. అంత పెద్దది కాబట్టే ఆకులూ బెరడూ తిని బతకగలుగుతోందన్నది కూడా అంతే నిజం.

మన గోదావరి లోయలో దీనికి ఇంకా పెద్ద సాక్ష్యం దొరికింది. అక్కడి రాళ్లలో బయటపడి, 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టుకున్న రాక్షసబల్లి పొడవు 14 మీటర్ల దాకా ఉండేది, తొడ ఎముక ఒక్కటే నిలువెత్తు మనిషంత. ఆ కాలంలో నేల మీద గడ్డి కూడా లేదు, ఫెర్న్‌లు, దేవదారు జాతి చెట్లు, ఈత చెట్టులా కనబడే సైకస్ వంటివే మేత. అలాంటి పొడవు మెడ బల్లులకు తల చిన్నది, నమలడానికి దవడ పళ్లు లేవు. ఆకులు దూసుకుని అలాగే మింగి పెద్ద పొట్టలో చాలాకాలం పులియబెట్టుకునేవని శాస్త్రవేత్తల అభిప్రాయం. వాటి దగ్గరి బంధువైన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉంది. నెల్లూరు నుంచి హైదరాబాదు వెళ్లే పని పడితే మీ అబ్బాయికి తప్పక చూపించండి.

చివరిగా పాల సంగతి. గున్న ఏనుగు తల్లి కడుపులో దాదాపు 22 నెలలు ఉండి, సుమారు 100 కిలోల బరువుతో పుడుతుంది. పుట్టగానే ఆకులు అరిగించుకోలేదు, ఎందుకంటే దాని పేగుల్లో సూక్ష్మజీవులు ఇంకా చేరలేదు. నెలల తరబడి దానికి ముఖ్యమైన ఆహారం తల్లిపాలే, రెండు మూడేళ్ల దాకా తాగుతూనే ఉంటుంది. ఈలోగా తల్లి పేడను, మందలోని ఇతర ఏనుగుల పేడను తొండంతో తీసుకుని తింటుంది. చూసేవారు అసహ్యించుకుంటారు గాని, ఆ గున్నకు కావలసిన సూక్ష్మజీవులు వచ్చేది ఆ పేడతోనే. కాబట్టి పాలు తాగకుండా ఏ ఏనుగూ పెరగలేదని మీ అబ్బాయికి ధైర్యంగా చెప్పండి. పాలకూర విషయానికి వస్తే, వంద గ్రాములలో 23 కిలోకేలరీలే ఉంటాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి రోజుకు సరిపడా శక్తి కోసం ఏడు కిలోలు తినవలసి వస్తుంది, అందులో పీచు నుంచి వాడికి దక్కేది చాలా కొద్ది. మన పెద్దపేగులోనూ సూక్ష్మజీవులు ఉన్నాయి, అవీ కొంత పీచును పులియబెట్టి ఆమ్లాలు అందిస్తాయి, అయితే మన శక్తి అవసరంలో ఆ వాటా పది శాతం లోపే.

ప్రశ్న: ఇటీవల కె.ఆర్.పురంలో మా కొత్త ఇంటి గృహప్రవేశానికి ఆవునూ దూడనూ తీసుకొచ్చాం. వచ్చిన బంధువులంతా అన్నం, చక్కెర పొంగలి, బెల్లం, అరటిపళ్లు తినిపించబోతే ఆవును తెచ్చినాయన రెండు పళ్లు చాలు, ఇంకేమీ పెట్టవద్దని చేతులు జోడించాడు. మా పెద్దనాన్నగారికి అది తప్పుగా తోచింది. గడ్డి కంటే అన్నం బలమైన ఆహారమే కదా, పెడితే ఏమవుతుంది?
— ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: ఆయన చేతులు జోడించి వద్దన్నది తన పశువు ప్రాణం కోసం. మీ పెద్దనాన్నగారి భక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కానీ ఈ విషయంలో ఆవు యజమాని మాటే వినాలి.

గడ్డిలోని సెల్యులోజ్ మెల్లగా విడుతుంది కాబట్టి ఆమ్లాలు కూడా మెల్లగా, రోజంతా, ఆవు పీల్చుకోగలిగినంత వేగంతోనే పుడతాయి. వండిన అన్నం, బెల్లం, పిండి అలా కాదు, సూక్ష్మజీవులకు అవి చేతికందిన సరుకు. అలవాటు లేని ఆవు ఒక్కసారిగా బుట్టెడు అన్నం తింటే, పీచును అరిగించే బ్యాక్టీరియా వెనకబడిపోయి, పిండిని తినే ఇతర రకాలు గంటల్లో విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పెరుగు పులిసిపోవడానికి కారణమయ్యే ఆమ్లమే అది. అన్నాన్ని నెమరు వేయవలసిన పని లేదు కాబట్టి లాలాజలమూ తగ్గుతుంది, పులుపును విరిచే సోడా అందదు. రూమెన్‌లో పులుపు హద్దు దాటిన తర్వాత ఆ ఏకకణ జీవులు, పీచును అరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతాయి, పొట్ట కదలిక ఆగిపోతుంది, రక్తంలోని నీరు పొట్టలోకి చేరి ఒళ్లు ఎండిపోతుంది. ఆవు మేత ముట్టదు, పళ్లు కొరుకుతుంది, పలచగా పారుతుంది, ముదిరితే లేవలేక పడిపోతుంది. ఒక రోజులోనే ప్రాణం పోయిన పశువులను నేను చూశాను. పెళ్లి భోజనాల మర్నాడు, మిగిలిన అన్నం కుప్పగా పోసిన చోట తిన్న వీధి ఆవులవి అవి, కొన్నిటి పొట్టలో అన్నంతో పాటు అది కట్టిన ప్లాస్టిక్ సంచి కూడా ఉండేది. ఆ సంచి ఎన్నటికీ అరగదు, కిందికీ దిగదు.

అరటిపండు ఒకటి రెండు, గుప్పెడు అన్నం, చిటికెడు బెల్లం వల్ల హాని లేదు, సంప్రదాయం కూడా అంతకంటే కోరదు. యాభైమంది బంధువులు ఒక్కొక్కరు ఒక్కొక్క ముద్ద పెట్టినప్పుడే అది బుట్టెడు అవుతుంది. ఈసారి శుభకార్యానికి ఒక పచ్చగడ్డి మోపు తెప్పించి ఉంచండి, అందరూ తలా ఒక పిడికెడు గడ్డి పెడితే ఆవుకూ మేలు, పెట్టినవారికీ తృప్తి. పొరపాటున ఏ పశువైనా ఎక్కువ అన్నం తిన్నట్టు తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడిని పిలవండి. మొదటి గంటల్లో చేసిన వైద్యమే పనికొస్తుంది.

ప్రశ్న: అనేకల్ దగ్గర మాకు నాలుగు ఆవులున్నాయి. వేసవిలో వరిగడ్డి తప్ప దొరకదు, అది ఎంత తిన్నా పశువు ఒట్టిపోతోంది, పడ్డలు ఎదగడం లేదు. గడ్డికి యూరియా చల్లితే బలం వస్తుందంటున్నారు. అది ఎరువు కదా, విషం కాదా?
— ఒక రైతు, అనేకల్

జవాబు: మీ ప్రాంతంలో దొరికితే ముందుగా రాగి గడ్డిని చూడండి, వరిగడ్డి కంటే అది బాగా అరుగుతుంది. వరిగడ్డిలో ఇసుక పదార్థం ఎక్కువ. పైగా లిగ్నిన్ అనే చెక్క పదార్థం సెల్యులోజ్‌ను బంధించి పెడుతుంది, దాన్ని రూమెన్‌లోని సూక్ష్మజీవులు కూడా విప్పలేవు. నత్రజని కూడా లేకపోవడంతో ఆ సూక్ష్మజీవులే పస్తు ఉంటాయి. అవి పెరగకపోతే గడ్డి అరగదు, గడ్డి అరగకపోతే పొట్ట ఖాళీ కాదు, పొట్ట ఖాళీ కాకపోతే పశువు ఇంకా తినలేదు. నిండు కడుపుతోనే చిక్కిపోతుంది. మీ ఆవులకు జరుగుతున్నది ఇదే.

యూరియాతో మాగబెట్టిన గడ్డి ఈ ముడిని విప్పుతుంది. 100 కిలోల ఎండు వరిగడ్డికి 4 కిలోల యూరియా తీసుకుని, 50 లీటర్ల నీటిలో పలుకు మిగలకుండా పూర్తిగా కరిగించండి. గడ్డిని పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా పూలకుండీ నీళ్ల డబ్బాతో సమంగా చల్లుతూ, బాగా తొక్కుతూ పేర్చండి. ప్లాస్టిక్ పట్టాతో గాలి చొరకుండా కప్పి అంచుల మీద మట్టి వేయండి. మూడు వారాల్లో యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోకి ఇంకి, ఆ చెక్క బంధాన్ని కొంత సడలిస్తుంది. మాంసకృత్తుల లెక్క మూడు నాలుగు పాళ్ల నుంచి ఏడెనిమిది పాళ్లకు చేరుతుంది. తెరిచినప్పుడు గడ్డి మెత్తబడి ముదురు పసుపు రంగులో, ముక్కు అదిరే వాసనతో ఉంటుంది. ఆ రోజుకు కావలసినంత తీసి గంటసేపు గాలికి ఆరబెట్టి పెట్టండి, మొదటి వారం మామూలు గడ్డితో కలిపి అలవాటు చేయండి. బూజు పట్టిన భాగం ఉంటే తీసి పారేయండి.

విషమా అని మీరు అడిగినది సరైన భయమే. మాగకుండా చల్లిన యూరియా, తొట్టిలో మిగిలిన యూరియా నీళ్లు, అడుగున పేరుకున్న పలుకులు పశువు నోట పడితే రూమెన్‌లో అమ్మోనియా ఒక్కసారిగా పుట్టి రక్తంలోకి పోతుంది, అరగంటలోనే వణుకు, పొట్ట ఉబ్బరం, మూర్ఛ వచ్చి ప్రాణం తీయగలదు. కాబట్టి కలిపిన తొట్టిని వెంటనే కడిగి బోర్లించండి, యూరియా సంచిని కొట్టానికి దూరంగా పెట్టండి. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టవద్దు, వాటి రూమెన్ ఇంకా తయారు కాలేదు. పడ్డలకు దీనితో పాటు రోజూ కొంచెం తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజ మిశ్రమం, దొరికినంత పచ్చిమేత ఇవ్వండి. అనేకల్‌కు బెంగళూరులోని ఆడుగోడి దూరం కాదు. 1927లో ఆరోగ్యం కోలుకోవడానికి బెంగళూరు వచ్చిన గాంధీజీ కొన్నాళ్లు పశుపోషణ పాఠాలు నేర్చుకున్న పాత డెయిరీ సంస్థ ఉన్నదీ అక్కడే. ఇప్పుడు అదే ఆవరణలో జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ కూడా ఉంది. మొదటిసారి గడ్డి మాగబెట్టే ముందు మీ తాలూకాలోని పశువైద్యుడిని పిలిచి, ఆయన ఎదుట ఒక 100 కిలోలు చేసి చూడండి. తొట్టి కొలత, నీటి కొలత చేతికి అలవాటయ్యాక ఏడాదికి సరిపడా వేసుకోవచ్చు.